ఆ చివరి 'లీ' ఎక్కడ పడాలి?

ఇంగ్లీషు వాక్యంలో ఒక మాట గుణాన్ని చెబుతోందంటే ముందు తేల్చుకోవాల్సింది, ఆ గుణం ఎవరిది అని. నామవాచకానిదైతే ఆ మాట యాడ్జెక్టివ్. క్రియ తీరునో, మరో గుణం మోతాదునో చెబితే యాడ్వర్బ్. 'ఎ స్లో ట్రెయిన్' అంటే నెమ్మది రైలుది. 'ది ట్రెయిన్ మూవ్డ్ స్లోలీ' అంటే నెమ్మది కదలికది. రెంటినీ వేరుచేస్తున్నది చివర ఉన్న 'లీ' ఒక్కటే.

ఆ 'లీ' వెనక పెద్ద చరిత్రే ఉంది. పాత ఇంగ్లీషులో 'లీచ్' అంటే ఒళ్లు, ఆకారం. దాన్నుంచి వచ్చిన ప్రత్యయాన్ని నామవాచకానికి తగిలిస్తే 'ఆ రూపం గలది' అనే అర్థంలో యాడ్జెక్టివ్ తయారయ్యేది. దాని చివర 'ఎ' చేరితే యాడ్వర్బ్ అయ్యేది. తరాలు గడిచేసరికి చివరి ధ్వనులు అరిగిపోయి రెండూ ఒకే 'లీ'గా మిగిలాయి. 'ఫ్రెండ్లీ' 'లీ'తో ముగిసినా యాడ్జెక్టివ్‌గానే ఉండటానికి కారణం ఇదే. 'హి స్పోక్ ఫ్రెండ్లీ' అనలేం, 'ఇన్ ఎ ఫ్రెండ్లీ వే' అనాల్సిందే.

ఆ అరుగుదలే 'హార్డ్'నూ మార్చింది. ఒకప్పుడు దాని యాడ్వర్బుకు చివర 'ఎ' ఉండేది. అది రాలిపోయాక రెండు పనులకూ ఒకటే రూపం మిగిలింది. అందుకే 'హి వర్క్స్ హార్డ్' అంటే కష్టపడి పనిచేస్తాడని. 'హార్డ్లీ' మాత్రం వేరే అర్థంలో స్థిరపడింది. 'హి హార్డ్లీ వర్క్స్' అంటే పని దాదాపు చేయడనే!

తెలుగువాళ్లు మరింత నిదానంగా చూడాల్సిన చోటు మరొకటుంది. 'సూప్ పుల్లగా ఉంది', 'వంటవాడు సూప్‌ను జాగ్రత్తగా రుచి చూశాడు'. మనకు రెండుచోట్లా 'గా' వస్తుంది. ఇంగ్లీషు ఇక్కడ దారులు చీలుస్తుంది: 'ది సూప్ టేస్టెడ్ సోర్', 'ది కుక్ టేస్టెడ్ ది సూప్ కేర్‌ఫులీ'. క్రియ ఒకటే, చేసే పని వేరు. మొదటి వాక్యంలో సూప్ ఏమీ చేయడం లేదు. పులుపును సూప్‌తో కలపడమే అక్కడ క్రియ పని. పులుపు సూప్‌ది కాబట్టి యాడ్జెక్టివ్ పడింది. రెండోదాంట్లో రుచి చూడటం నిజంగా జరిగిన పని, జాగ్రత్త ఆ పనిది. పరీక్షించడం తేలిక. 'టేస్టెడ్' తీసేసి 'వాజ్' పెట్టండి. 'ది సూప్ వాజ్ సోర్' నిలుస్తుంది. 'ది కుక్ వాజ్ ది సూప్' కూలిపోతుంది. లుక్, స్మెల్, ఫీల్, సౌండ్ కూడా ఇలా రెండు పనులూ చేసే క్రియలే.

యాడ్జెక్టివ్‌లు వరస కట్టినప్పుడు మరో పద్ధతి కనిపిస్తుంది. సాధారణంగా ముందు అభిప్రాయం, తర్వాత పరిమాణం, వయసు, ఆకారం, రంగు, పుట్టిన చోటు, ముడిసరుకు, చివర ప్రయోజనం. చూసేవాళ్లను బట్టి మారే అభిప్రాయం నామవాచకానికి దూరంగా, వస్తువు నుంచి విడదీయలేని ముడిసరుకు దగ్గరగా ఉంటాయి. ఏడేళ్ల ప్రాయంలో రాసిన కథలో 'గ్రీన్ గ్రేట్ డ్రాగన్' అనకూడదనీ, 'గ్రేట్ గ్రీన్ డ్రాగన్' అనాలనీ తల్లి చెప్పిందని రచయిత టోల్కీన్ 1955లో కవి ఆడెన్‌కు రాసిన ఉత్తరంలో గుర్తుచేసుకున్నారు. అలా ఎందుకన్న ప్రశ్న అంత భాషావేత్తనూ పెద్దయ్యాక కూడా వదల్లేదు.

ఈ భాగాలన్నీ కలిసి పనిచేసే వాక్యం ఒకటి చూద్దాం: 'ది ఓల్డ్ వుడెన్ డోర్ ఓపెన్డ్ స్లోలీ, అండ్ ది రూమ్ ఫెల్ట్ స్ట్రేంజ్లీ కోల్డ్.' వయసు ముందు, చెక్క తర్వాత, రెండూ తలుపువే. 'స్లోలీ' తెరుచుకోవడానిది. 'కోల్డ్' గదిది, అందుకే దానికి 'లీ' లేదు. 'స్ట్రేంజ్లీ' ఆ చల్లదనానిది, కాబట్టి దానికి ఉంది. మనం 'గది వింతగా చల్లగా అనిపించింది' అని రెండు 'గా'లతో చెప్పేదాన్ని ఇంగ్లీషు ఒకచోట 'లీ' తగిలించి, పక్కనే తీసేసి చెబుతుంది. 'గా' కనబడగానే 'లీ' రాయకుండా, ఆ గుణం ఎవరిదని ఒక్క క్షణం ఆగి అడిగితే చాలు, ఎక్కడ ఉండాలో ఎక్కడ అక్కర్లేదో వాక్యమే చెబుతుంది.