గూఢవాక్కు – నైతికత: లక్క ఇంటి ఉదంతంలో విదురుని హెచ్చరిక

వ్యాససంగ్రహం: మహాభారతం ఆదిపర్వంలో పాండవులు వారణావతానికి బయలుదేరేటప్పుడు విదురుడు జనమధ్యంలోనే ధర్మరాజును గూఢంగా హెచ్చరిస్తాడు. ఈ ఘట్టాన్ని విదురుని బుద్ధికుశలతకు నిదర్శనంగా చెప్పడం పరిపాటి. ఆ గూఢవాక్కు ఎవరిని కాపాడింది, ఎవరిని విడిచిపెట్టింది అన్న ప్రశ్నను సంస్కృత మూలం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: విదురుడు, లక్క ఇల్లు, గూఢవాక్కు, నిషాద స్త్రీ, నైతికత.

1. ఉపోద్ఘాతం

ఆంధ్ర మహాభారతంలో ఆదిపర్వం నన్నయ రచన కావడం వల్ల లక్క ఇంటి కథ 11వ శతాబ్దం నుంచీ తెలుగు పాఠకునికి చిరపరిచితం. దుర్యోధనుని ఆనతిపై పురోచనుడు లక్క, నెయ్యి, నూనె, జనుము వంటి మండే పదార్థాలతో ఇల్లు కట్టించడం, పాండవులు సొరంగం గుండా బయటపడటం అందరికీ తెలిసిన విషయాలే. అయితే ఈ కథకు కీలకం సొరంగం కాదు, అంతకుముందు పలికిన నాలుగు మాటలు.

2. మాట్లాడనట్లు మాట్లాడటం

ప్రయాణవేళ పౌరులు ధృతరాష్ట్రుణ్ణి బాహాటంగానే నిందిస్తారు. ఇళ్లు వదిలి వెంట వస్తామంటారు. ధర్మరాజు వారిని వారించి, అవసరం వచ్చినప్పుడు తోడ్పడమని కోరతాడు. ఆ తరువాత విదురుడు మాట్లాడతాడు. లోహంతో చేయని ఆయుధాన్ని ఎరిగినవాడు శత్రువుకు చిక్కడని, అడవిని కాల్చేది కలుగులోని ప్రాణిని దహించదని, ఏదుపందిలా కలుగును ఆశ్రయించినవాడు నిప్పును తప్పించుకుంటాడని, తిరుగాడేవాడికి దారులు, నక్షత్రాల వల్ల దిక్కులు తెలుస్తాయని అతని మాటల సారాంశం. ఇందులో దుర్యోధనుని పేరు లేదు, పురోచనుని పేరు లేదు, వారణావతం ఊసు లేదు. విన్నవారికి అది నీతిబోధ. ధర్మరాజు తెలిసిందని మాత్రమే బదులిస్తాడు.

విదురుడు, భీష్ముడు, పౌరులు వెనుదిరిగాక కుంతి కుమారుణ్ణి అడుగుతుంది. జనం మధ్య విదురుడు మాట్లాడనట్లే ఏదో మాట్లాడాడని, నీవు ఒప్పుకొన్నావని, తమకేమీ అర్థం కాలేదని ఆమె మాటల తాత్పర్యం. అంటే ప్రాణాపాయంలో ఉన్న ఆరుగురిలో సంకేతం తెలిసినవాడు ఒక్కడే. భీష్ముడు అంత దగ్గరలో ఉండి కూడా ఈ రహస్యానికి వెలుపలే ఉండిపోయాడు. తరువాత విదురుడు పంపిన ఖనకుడు, విదురుడు మ్లేచ్ఛభాషలో చెప్పిన మాటను, ధర్మరాజు ఇచ్చిన బదులును గుర్తుచేసి నమ్మకం కలిగిస్తాడు. హెచ్చరిక ఈవిధంగా ఆనవాలుగా కూడా పనిచేసింది.

3. మౌనానికి సమర్థన

రహస్యం ఎందుకన్న ప్రశ్నకు మూలంలోనే సమాధానం ఉంది. ఇంట అడుగుపెట్టగానే కొవ్వు, నెయ్యి, లక్కల వాసన పసిగట్టిన ధర్మరాజుతో, అలాగైతే వెనక్కి వెళదామంటాడు భీముడు. తమకు తెలిసిపోయిందని తెలిస్తే పురోచనుడు వెంటనే నిప్పు పెడతాడని ధర్మరాజు వాదం. బలం, ధనం, పదవి శత్రువు చేతిలో ఉన్నప్పుడు బహిరంగ ఆరోపణ ఆత్మహత్యాసదృశం. ఈ తర్కం కాదనలేనిది. విదురుడు ఆ రాజు కొలువులోనే ఉంటూ ఆ కుట్రనే భగ్నం చేయవలసినవాడు. అతనికి మరో మార్గం లేదు.

4. సంకేతానికి వెలుపలివారు

అయితే తెలిసిన విషయాన్ని దాచడం ఎక్కడ ఆగాలి? ఏడాది గడిచాక ధర్మరాజు తమ్ములతో పలికిన మాటల్లో పురోచనుణ్ణి దహించి, ఆరు ప్రాణాలను అక్కడ ఉంచి, ఎవరి కంటా పడకుండా పోదామన్న ఆలోచన కనిపిస్తుంది. ఆ రాత్రి కుంతి చేసిన అన్నదానానికి ఒక నిషాద స్త్రీ అయిదుగురు కొడుకులతో వస్తుంది. కథకుడు ఆమెను కాలప్రేరిత అంటాడు. ఆరు ప్రాణాల లెక్క ముందే ఉండటం, ఆ ఆరుగురూ విధివశాన వచ్చారనడం: ఈ రెండు మాటలను మూలం పక్కపక్కనే ఉంచుతుంది, పొందిక కుదర్చదు. మద్యం మత్తులో నిద్రించిన ఆ తల్లీబిడ్డలను ఎవరూ లేపరు. నిప్పు పెట్టినవాడు పురోచనుడు కాదు, భీముడు.

మర్నాడు పౌరులు ఆ దేహాలను పాండవులవిగా భావించి విలపిస్తారు. ఖనకుడు సొరంగపు నోటిని మట్టితో కప్పేస్తాడు. హస్తినలో విదురుడు కొద్దిగానే శోకించాడని కథకుడు చెబుతాడు. ఆ శోకం కూడా గూఢభాషలో భాగమే.

మహాశ్వేతాదేవి బెంగాలీ కథలో కుంతిని నిషాద స్త్రీ నిలదీయడానికి కారణం ఈ మౌనమే. మ్లేచ్ఛభాష అంటే ఆర్యసమాజానికి వెలుపలి వారి పలుకు. వెలుపలి వారి పలుకు రాజపుత్రులను కాపాడింది. వెలుపలి మనుషులకు మాత్రం ఏ భాషలోనూ హెచ్చరిక అందలేదు.

5. ముగింపు

విదురుని మాట దోషం కాదు. అది చేరిన చోటే ఆగిపోవడం దోషం. గూఢవాక్కు తన శ్రోతను ఎంచుకుంటుంది. ఆ ఎంపికతోనే మిగిలినవారి గతి కూడా నిర్ణయమవుతుంది. హెచ్చరికను అందుకున్నవాడు దాని రక్షణతో పాటు బాధ్యతను కూడా స్వీకరిస్తాడు. విదురుడు కలుగును చూపాడు. కలుగులో చోటు ఎందరికన్నది ధర్మరాజు తేల్చవలసిన ప్రశ్న. ఆ ప్రశ్నను ఇతిహాసం జవాబివ్వకుండానే పాఠకునికి వదిలింది.