ఎయిడ్సు ప్రకటనలు - గృహిణులు

ఈ శతాబ్దారంభమున ఆంధ్రదేశపు వీథులలో నొక ప్రశ్న పెద్ద యక్షరములతో వెలసెను. పులిరాజా యను నొక పురుషునకు ఎయిడ్సు వచ్చునా యని యా ప్రకటన జనుల నడిగెను. నలుగురిలో నుచ్చరింపరాని దానిని అది రచ్చబండకు దెచ్చెను. అందుల కా ప్రకటనను మెచ్చవలసినదే. కాని కావ్యములను విమర్శించునట్లే ప్రకటనలను గూడ విమర్శింపవలయును. వీనిని జదువువారు పెక్కండ్రు. వీనివలని మేలుకీడులు ప్రాణములకు సంబంధించినవి.

మా మొదటి యాక్షేపణ మిది: ఆ ప్రశ్న పురుషుని గూర్చినది. అతని యింటి యిల్లాలి గతి యేమని యది యడుగలేదు. శీలము గలవారికి వ్యాధి రాదని బోధించు గోడవ్రాతలు స్త్రీకి మఱింత కీడు చేసినవి. ఇల్లాలి శీలము భర్త రక్తమును శుద్ధి చేయజాలదు. అయినను "మంచి కుటుంబపు స్త్రీకి పరీక్ష యేల?" యను మాట యిట్టి బోధలచే బలపడుచున్నది.

ఈ భ్రమకు గతచరిత్రయు గలదు. 1986లో మద్రాసునందు నిర్మల, సునీతి సోలోమన్ అను నిరువురు విదుషీమణులు ఈ వ్యాధి జాడను మన దేశమున మొదట కనుగొనిరి. వారు పరీక్షించిన రక్తము పడుపువృత్తిలోని స్త్రీలది. లోకము దీనిని ఆ యభాగినుల వ్యాధియని యెంచి, తన యిల్లు భద్రమని నమ్మెను.

రెండవ యాక్షేపణము: స్త్రీలకై వ్రాయబడు కరపత్రములు తఱచుగా గర్భిణిని మాత్రమే సంబోధించును. చికిత్స లేనిచో తల్లినుండి బిడ్డకు వ్యాధి సోకుట నూటికి 15 మొదలు 45 వఱకు నుండును. తగిన మందులతో నది 5 కంటె దక్కువగును. ఇది గొప్ప మేలే. కాని యామె ప్రాణ మామెకును విలువైనది గదా! అదిగాక, ఇంటిలో మొదట పరీక్షింపబడునది కోడలగుటచే, వ్యాధిని దెచ్చినదియు కోడలే యను నింద పుట్టుచున్నది. కావున దంపతు లిరువురును పరీక్ష చేయించుకొనవలయు నను మాట కరపత్రమున మొదటి వాక్యముగా నుండవలయును. పెండ్లికాని బాలికలకును, కానుపులు ముగిసిన స్త్రీలకును వేఱుగ వ్రాయవలయును.

మూడవది: భయము చెప్పినంతగా హక్కు చెప్పవలయును. 2017లో చేయబడి 2018 సెప్టెంబరు 10 నుండి యమలులోనికి వచ్చిన చట్టము ప్రకారము సామాన్యముగా సమ్మతి లేక పరీక్ష చేయరాదు. ఫలితమును రహస్యముగా నుంచవలయును. భర్తకు దెలిపినచో భార్యకు హింసయో పరిత్యాగమో కలుగునని తగిన శంక యున్నయెడల, వైద్యు డతనికి దెలుపరాదనియు నందు గలదు. వణకుచు పరీక్షాకేంద్రపు మెట్లెక్కు స్త్రీకి పుఱ్ఱెబొమ్మ కంటె నీ వాక్యము ధైర్యమొసగును.

ప్రభుత్వాసుపత్రులలో పరీక్ష యుచితము. 2004 నుండి మందులును ఉచితములే. సోకిన తొలి వారములలో వ్యాధి పరీక్షకు జిక్కకపోవచ్చును గనుక, సలహాదారు చెప్పిన గడువున మరల చేయించుకొనవలయును. మందులు విడువక సేవించి, రక్తమున క్రిమి పరీక్షకు గానరాని స్థితి నిలుపుకొనువారినుండి దాంపత్యమున నది సోకదు. ఇక వ్రాయువా రీ సంగతులను దాపరికము లేక వ్రాయుదురుగాక. చదువుకొన్న తల్లులు వానిని తమ కుమార్తెలకు, కుమారులకు గూడ, పెండ్లిమాటలకు ముందే చెప్పుదురుగాక.