కళ్లంలో ఐదొందల నలభై

ఏడేళ్ల కిందటి మాట. నంద్యాల దగ్గర మా నల్లరేగడి చేలో శనగ కోసి కుప్ప వేశాం. బాడుగకు ట్రాక్టరూ థ్రెషరూ వచ్చాయి. మధ్యాహ్నానికి ఇరవై బస్తాలు నిండాయి. మా చిన్నాయన ఒక బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు గింజలు తీసి అరచేతిలో పరుచుకున్నాడు. నాలుగోవంతు చీలి బద్దలైపోయాయి. "ఇవి విత్తనానికి పనికిరావు నాయనా" అని గింజలు మళ్లీ బస్తాలోనే పోశాడు. ఇంకేమీ అనలేదు.

డ్రైవరు కుర్రాడు పని దొంగ కాదు. డీజిలు తక్కువ తాగుతుందని పీటీఓ లివరు ఎకానమీలో వేశాడు. కుప్ప తోస్తుంటే ఇంజను బరువుగా గుంజుతోందని చేతి యాక్సిలరేటరు పైకి లాగాడు. విడివిడిగా చూస్తే రెండూ సబబైన పనులే. రెండూ కలిస్తే ఏమవుతుందో ఆ రోజు కళ్లంలో ఎవరికీ తెలియదు. నేను తెలుసుకోవడానికి మరో రెండు పంటలు పట్టింది.

ట్రాక్టరు వెనక, ట్రాలీ తగిలించే కొక్కెం పైన, ఆరు గాడుల పొట్టి షాఫ్టు ఉంటుంది. అదే పీటీఓ. ఇంజను బలం చక్రాలకు పోకుండా నేరుగా పరికరానికి పోయే దారి అది. ఆ దారి లేని కాలంలో కోత యంత్రాలు తమ చక్రం తిరిగితేనే ఆడేవి. నేల తడిగా ఉంటే చక్రం జారేది, కత్తి ఆగేది. ఫ్రాన్సులో అల్బేర్ గూజి అనే ఆయన 1906 నాటికే తన ట్రాక్టరు ఇంజను నుంచి కోత యంత్రానికి షాఫ్టు కలిపాడు. అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1918లో 8-16 ట్రాక్టరుతో దాన్ని మార్కెట్టులోకి తెచ్చింది. ఎవరి ట్రాక్టరుకు ఎవరి పరికరం తగిలించినా నడవాలి కదా. అందుకని ఈ షాఫ్టు వేగానికి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. అది నిమిషానికి 540 చుట్ల దగ్గర స్థిరపడింది.

ఈ 540 షాఫ్టు వేగం, ఇంజను వేగం కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. మామూలు లివరులో ఇంజను ఏ 1,800 దగ్గరో తిరిగితే షాఫ్టు 540 తిరుగుతుంది. ఎకానమీలో లోపల గేరు మారుతుంది, ఇంజను 1,500 దగ్గరే షాఫ్టు 540 అందుకుంటుంది. కచ్చితమైన అంకె ఒక్కో ట్రాక్టరుకు ఒక్కో రకం. మందు కొట్టే పంపుకూ జనరేటరుకూ ఎకానమీ బాగా పనికొస్తుంది, డీజిలు నిజంగానే మిగులుతుంది. కానీ 1,500 దగ్గర ఇంజను ఇవ్వగల బలం కూడా తక్కువే, నిండా తోసిన శనగ కుప్పను అది మోయలేదు. ఆ రోజు కుర్రాడు ఎకానమీలోనే ఉంచి ఇంజనును 2,000 దాకా ఎక్కించాడు. లెక్క వేస్తే షాఫ్టు 720 చుట్లు. వేగం మూడోవంతు పెరిగింది. డ్రమ్ము మేకులు గింజను కొట్టే దెబ్బ వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే ముప్పావు వంతుకు పైగా అదనం. శనగ చీలక ఏం చేస్తుంది?

సరే, తగ్గిస్తే పోదా అంటారు. మరుసటి ఏడు మేమూ అదే చేశాం. గింజ చీలలేదు, పొట్టు మాత్రం గింజతోనే వచ్చింది. థ్రెషరులో డ్రమ్మూ ఫ్యానూ జల్లెడా అన్నీ ఒకే షాఫ్టు మీద బతుకుతాయి. షాఫ్టు ఐదోవంతు నెమ్మదిస్తే ఫ్యాను గాలి ఒత్తిడి మూడోవంతుకు పైగా పడిపోతుంది. డ్రమ్ము కోసం తగ్గిస్తే ఫ్యాను చచ్చిపోతుంది. అందుకే షాఫ్టును 540 దగ్గర కదలకుండా ఉంచి, పంటకు తగ్గట్టు డ్రమ్ము పుల్లీ మార్చాలి, కింది జాలీ సందు సరిచేయాలి. పుల్లీ మార్చడానికి పట్టేది అరగంట. ఆ అరగంటకు బద్ధకించే బాడుగ యంత్రాన్ని నేను కళ్లంలోకి రానివ్వను.

రోటవేటరుదీ ఇదే కథ. మట్టి పొడిగా రావాలంటే ఇంజను పెంచమంటారు. నా మాట వినండి, గేరు తగ్గించండి. ట్రాక్టరు గంటకు మూడు కిలోమీటర్లు నడుస్తూ, బ్లేళ్ల షాఫ్టు నిమిషానికి 200 చుట్లు తిరుగుతూ, చుట్టుకు మూడు బ్లేళ్లు ఒకే వరసలో కోస్తే ఒక్కో కోత ఎనిమిది సెంటీమీటర్లు. నడక సగం చేస్తే కోత నాలుగుకు దిగుతుంది. పీటీఓను ముట్టుకోకుండానే పెడ్డ సన్నబడింది. మలుపులో రోటవేటరు పైకి లేపే ముందు పీటీఓ ఆపండి. కీలు వంకరలో తిరిగే షాఫ్టు ప్రతి చుట్టుకూ రెండుసార్లు వేగం తప్పుతుంది, కీలులోని క్రాసులు కొట్టుకుపోయేది అప్పుడే.

పెద్ద ట్రాక్టర్లలో 1,000 చుట్ల షాఫ్టు కూడా ఉంటుంది. వేగం ఎక్కువైతే అంతే బలానికి షాఫ్టు మీద పడే మెలి తగ్గుతుంది. 40 హార్స్‌పవరుకు 540 దగ్గర మీటరు కడ్డీ చివర 54 కిలోలు వేలాడదీసినంత మెలి, 1,000 దగ్గర 29 కిలోలంత. ఆ షాఫ్టుకు 21 గాడులు పెట్టింది 540 పరికరం పొరపాటున కూడా తగలకూడదనే. మధ్యలో అడాప్టరు వేసి తగిలించేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

నిమిషానికి 540 అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. 35 మిల్లీమీటర్ల ఆ షాఫ్టు సెకనుకు దాదాపు మీటరు బట్ట చుట్టుకుంటుంది. లుంగీ అంచు, పైట కొంగు, తలపాగా కొస ఏది తగిలినా చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. నూర్పిడి యంత్రాల దగ్గర పోయిన చేతుల కోసమే దేశంలో 1983లో ప్రమాదకర యంత్రాల చట్టం వచ్చింది. షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు విరిగిన యంత్రం మీ ఊళ్లోనూ ఒకటి ఉండే ఉంటుంది.

ఈసారి శనగ కళ్లానికి యంత్రం రాగానే ముందు తొడుగు చూడండి. తర్వాత డ్రైవరును పక్కన నిలబెట్టుకుని లివరు ఎందులో ఉందో, మీటరు మీద 540 గుర్తు ఎక్కడుందో కలిసి చూడండి. మొదటి బస్తా నిండగానే గుప్పెడు గింజలు తీసి అరచేతిలో పరుచుకోండి. ఇరవయ్యో బస్తా దాకా ఆగకండి.