తగరపు మూత మగ్గు

మ్యూనిక్‌ అక్టోబర్‌ఫెస్ట్‌ డేరాల్లో బీరు పోసేది లీటరు పట్టే మందపాటి గాజు మగ్గుల్లో. ఇంటికి తెచ్చి దాచుకునేది మాత్రం మట్టి మగ్గు. మన ఆవకాయ జాడీకి చుట్టమే అది; బాగా ఎక్కువ వేడిలో కాలి, చుక్క ఇంకనంత గట్టిపడిన మట్టి.

1810లో బవేరియా యువరాజు లుడ్విగ్‌, థెరీస్‌ల పెళ్లితో మొదలైన పండుగ ఈ అక్టోబర్‌ఫెస్ట్‌. అది జరిగే మైదానానికి నేటికీ థెరీస్‌ పేరే. 1978 నుంచి ఏటా ఆ ఏటి పండుగ పోస్టరు బొమ్మతో ఒక కొత్త మగ్గు వస్తోంది.

బొమ్మ సంగతలా ఉంచితే, నాకు ముచ్చటేసేది ఆ మట్టి పనితనం. ఈ మగ్గుల వెనక జర్మనీలోని వెస్టర్‌వాల్డ్‌ కుమ్మరుల శతాబ్దాల విద్య ఉంది. వాళ్లు ఆవం ఎర్రగా మండుతుండగా లోపలికి ఉప్పు చల్లేవారు. ఆవిరైన ఉప్పు మట్టిలోని ఇసుకతో కలిసి గాజుపొరై అంటుకునేది. తడిమితే నారింజ తొక్కలా సన్నని గరుకు. బూడిదరంగు ఒంటిమీద కోబాల్ట్‌ నీలం. వంటింటి ఉప్పుతో అంత మెరుపు రాబట్టిన చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది.

కొన్నింటికి తగరపు మూత కూడా ఉంటుంది. పిడికి కట్టిన తగరపు పట్టీకి చిన్న మడతబందు, దానిమీద బొటనవేలికో మీట. పిడి పట్టిన చేత్తోనే నొక్కితే మూత లేస్తుంది. వేలు తీస్తే తన బరువుకు తానే టక్కున మూసుకుంటుంది.