కంపెనీ పేరు మోసిన నవ్వు

జానీ అన్నా,

మా ఊళ్లో మనిషికి రెండు పేర్లు. ఒకటి కన్నవాళ్లు పెట్టింది, రెండోది పని పెట్టింది. మా నాయనకు కన్నవాళ్లు పెట్టిన పేరు రేషన్ కార్డులో ఉండేది. గని కార్మికుల ఇళ్ల లైన్లలో మాత్రం ఆయన్ని అందరూ ‘గిఫర్డ్ మేస్త్రి’ అనేవారు. గిఫర్డ్ అంటే కోలారు బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్‌లో ఒక షాఫ్టు. ఆ ఇంగ్లీషు పేరును మా నాయన జీవితమంతా మోశాడు. పెళ్లి పత్రికల మీద అదే రాసేవారు. చావు కబురు కూడా అదే పేరుతో వచ్చింది.

అందుకే నీ పేరు మొదటిసారి చెవిన పడ్డప్పుడు నాకు వింతగా అనిపించలేదు. జానీ లీవర్. ఈయనా మావాడే అనుకున్నాను. పని పెట్టిన పేరు మోస్తున్నవాడు.

జనుమల జాన్ ప్రకాశరావు అని కన్నవాళ్లు పెట్టుకున్నారు. 1957 ఆగస్టు 14న, అప్పటికి నెల్లూరు జిల్లాలో ఉన్న కనిగిరి సీమలో, తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టావు. అది వాన మీద ఆశ పెట్టుకునే మెట్ట నేల. వాన మొహం చాటేసిన ఏడు జనం మూటాముల్లె సర్దుకుని రైలెక్కే నేల. అలాంటి పల్లెల నుంచే కొందరు మద్రాసు వెళ్లారు, కొందరు మా గనుల్లోకి దిగారు, కొందరు బొంబాయి చేరారు. అక్కడ మనవాళ్లు కట్టిన ఇళ్లెన్నో, తవ్విన కాలువలెన్నో ఎవరూ లెక్క రాసుకోలేదు. కామాటిపురా అన్న పేరు మాత్రం మిగిలింది. అది తెలుగు కామాటి పనివాళ్ల పేరు.

మీ నాయన హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో ఆపరేటరు. ఇంటికి పెద్దకొడుకువు నువ్వు. నీ వెనక ముగ్గురు చెల్లెళ్లు, తమ్ముళ్లు. ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వాళ్ల బడిలో ఏడో తరగతి దాకా చదివావు. ఆపైన చదివించే స్తోమత ఇంట్లో లేకపోయింది. పలక చేత పట్టాల్సిన వయసులో పెన్నుల కట్ట పట్టుకుని బొంబాయి వీధిలోకి వచ్చావు.

ఆ పెన్నుల దగ్గర నేను కాసేపు ఆగుతాను, అన్నా. అక్కడే ఏదో తేలిపోయిందని నా నమ్మకం. వీధిలో పెన్నులు అమ్మే పిల్లలు వందమంది ఉంటారు. అందరి చేతుల్లోవీ ఒకే రకం పెన్నులు, ఒకే ధర. జనం ఆగరు. ఆగేలా చెయ్యాలంటే నీ దగ్గర ఉన్నదల్లా గొంతు. నువ్వు హిందీ సినిమా హీరోల గొంతుతో పెన్ను గుణగణాలు చెప్పావు, వాళ్ల పాటలకు వాళ్లలాగే అడుగులు వేశావు. ఆఫీసుకు పరుగెత్తే గుమాస్తా ఒక్క నిమిషం నిలబడ్డాడు. నవ్వాడు. జేబులో చెయ్యి పెట్టాడు. నవ్వించిన ప్రతిసారీ ఇంట్లో పొయ్యి మీదికి గిన్నె ఎక్కిందంటే, ఆ కళకు ఎంత బరువుందో చూడు. ఎవరూ టిక్కెట్టు కొనుక్కుని రాలేదు. నడుస్తూ పోయేవాణ్ని ఆపి, అలసిన మొహం విప్పించి, ఆ తరవాతే కూలి అడిగావు. పెద్ద పెద్ద హాళ్లలో మైకు పట్టుకున్నవాళ్లకు కూడా అంత కఠినమైన పరీక్ష ఎదురై ఉండదు.

వీధిలో ఆగిన ఆ గొంతుకు దండం.

ఇంత మిమిక్రీ నీకు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్లు మా లైన్లు చూసి ఉండరు. మా వరసలో ఒక గుమ్మంలో తెలుగు, పక్క గుమ్మంలో తమిళం, కొళాయి దగ్గర కన్నడం, మటన్ కొట్టు దగ్గర దక్కనీ ఉర్దూ, షాఫ్టు నోట్లో ఇంగ్లీషు. ఐదేళ్ల పిల్లవాడికి ఐదు గొంతులు వచ్చేవి. లేకపోతే బతుకు సాగదు. దొర గొంతులో కోపం ఏ పాళ్లలో ఉందో మాట అర్థం కాకముందే పసిగట్టాలి. మేస్త్రి దగ్గు విని ఇవాళ గనిలోకి దింపే కేజ్ ఎక్కే మనిషి మనసు ఎలా ఉందో తెలుసుకోవాలి. పనివాడు అందరి గొంతులూ వింటాడు. అతని గొంతు మాత్రం ఎవరూ వినరు. అందుకే అనుకరణ పనివాళ్ల వాడల్లో పుడుతుంది. కింగ్స్ సర్కిల్, ధారావి వైపు నువ్వు తిరిగిన వాడలూ అలాంటివే. పైగా హైదరాబాదు పాతబస్తీలో, యాకుత్‌పురాలో కొన్నాళ్లు ఉన్నావు. పంచ్ వెయ్యకుండానే నవ్వించే ఆ దక్కనీ సాగదీత నీ నాలుకకు అక్కడే అంటుకుంది.

మన తెలుగులో ఈ విద్యకు పెద్దపీట వేసినవాడు వరంగల్లు నేరెళ్ల వేణుమాధవ్. ఆయన దాన్ని ధ్వన్యనుకరణ అనే శాస్త్రంలా నిలబెట్టాడు, 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చాడు, 2001లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన దారి సభావేదికల దారి. నీది ఫుట్‌పాత్ మీద మొదలై ఫ్యాక్టరీ గేటు లోపలికి పోయింది.

మీ నాయన పనిచేసిన చోటే నువ్వూ కూలీగా చేరావు. ఆరేళ్లు చేశావు. డ్రమ్ములు మోసే పని. మధ్యాహ్నం గంట కొట్టాక, అన్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్న తోటివాళ్ల మధ్య నీ అసలు డ్యూటీ మొదలయ్యేది. అప్పుడొక రోజు కంపెనీ వేడుక వచ్చింది. అధికారులంతా ముందు వరసలో కూర్చున్నారు. నువ్వు లేచి, ఆ పై అధికారుల్లో కొందరిని వాళ్ల కళ్ల ముందే అనుకరించావు. వాళ్ల నడక, వాళ్ల మాట. హాలు హాలంతా ఊగిపోయింది. ఆ రోజు నుంచి కార్మికులు నిన్ను జానీ లీవర్ అన్నారు.

ఈ బిరుదు ఏ పరిషత్తూ ఇవ్వలేదు, ఏ నిర్మాతా ఎంచలేదు. ఒళ్లంతా సబ్బు వాసనతో, భుజాలు కాయలు కాచిన మనుషులు తమలో ఒకడికి కట్టిన పట్టం అది. లీవర్ అన్నది ఇంగ్లాండులో సబ్బులు చేసిన అన్నదమ్ముల ఇంటిపేరు. మా గనులూ 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ చేతిలోనే నడిచాయి. వాళ్ల పేర్లు మా షాఫ్టుల మీద, మా ఒంటి మీద పడ్డాయి. మేం వాటిని మోశాం. నువ్వు మోయడంతో ఆగలేదు, అన్నా. ఇవాళ దేశంలో ఏ మూల లీవర్ అన్నా జనానికి సబ్బు కంటే ముందు నీ మొహం గుర్తొస్తుంది. యజమాని పేరును కూలివాడు గెలుచుకున్న కథ ఇంకొకటి నాకు తెలియదు.

తరవాతిది గబగబా చెప్పుకుపోవచ్చు. ఆర్కెస్ట్రాల్లో పాటకూ పాటకూ మధ్య నవ్వించావు. సంగీత దర్శకులు కల్యాణ్‌జీ - ఆనంద్‌జీ తమ బృందంలోకి తీసుకున్నారు. కచేరీలు పెరిగి 1981లో ఫ్యాక్టరీ పని మానేశావు. 1982లో వాళ్లతో, అమితాబ్ బచ్చన్‌తో కలిసి విదేశాలు తిరిగావు. ఆ ఏడే సునీల్ దత్ తన ‘దర్ద్ కా రిష్తా’లో వేషం ఇచ్చాడు. 1986లో ‘హోప్ 86’ అనే సహాయార్థ ప్రదర్శనలో మధ్యలో ఖాళీ నింపడానికి నిన్ను స్టేజీ ఎక్కించారు. ఎదురుగా హిందీ సినిమా పరిశ్రమ అంతా కూర్చుని ఉంది. ఖాళీ నింపడానికి వచ్చినవాడే ఆ రాత్రికి గుర్తుండిపోయాడు. నిర్మాత గుల్ ఆనంద్ ‘జల్వా’లోకి పిలిచాడు. పెన్నుల కట్ట పట్టుకున్న పిల్లవాడికి ఒక నిమిషంలో జనాన్ని ఆపడం తెలుసు కదా, ఇక్కడా అదే చేశాడు.

ఇక బాబూలాల్. 1993, ‘బాజీగర్’. హత్యలు, పగ, రక్తం నిండిన కథలో మతిమరుపు నౌకరు. చెప్పిన పని చెయ్యడానికి బయలుదేరతాడు. నాలుగడుగులు వేసేసరికి ఆ పనేదో జారిపోతుంది. అప్పుడు నీ మొహాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ముందు కనుబొమలు పైకి లేస్తాయి. ఆ తరవాత కళ్లు, ఎదుటివాడి మొహంలో జవాబు దొరుకుతుందేమోనని వెతుకుతాయి. దొరకదు. కింది పెదవి మెల్లగా ముందుకొస్తుంది. మెడ భుజాల్లోకి దిగుతుంది. ఇంతలో దేహమంతా, గుర్తొచ్చేసినట్టు, తప్పుడు పని వైపు ధీమాగా తిరుగుతుంది. ఆ ధీమా చూసే జనం పడీపడీ నవ్వారు. నాకు మాత్రం ఆ మొదటి క్షణం ఇష్టం, ఆ కళ్లు వెతికే క్షణం. పొరపాటు జరిగితే ఉద్యోగం పోతుందని తెలిసిన మనిషి భయం అందులో ఒక చుక్క ఉంటుంది. ఆ చుక్క ఏ రచయితా రాసివ్వలేడు. అది ఫ్యాక్టరీలో సంపాదించుకున్నది.

మూడు వందలకు పైగా సినిమాలు. ‘దీవానా మస్తానా’కూ ‘దుల్హే రాజా’కూ ఫిల్మ్‌ఫేర్ అవార్డులు. తొంభైల్లో నువ్వు లేని పోస్టరు గోడ మీద అరుదు. ఇంత ప్రేమతో చెబుతున్నాను కనుక ఇదీ చెప్పాలి. చాలా సినిమాలు నీకు అరుపులు ఇచ్చాయి గాని మనిషిని ఇవ్వలేదు. కథ చతికిలబడ్డ చోట నిన్ను పిలిచి లేపమన్నారు. నువ్వు పాపం ప్రతిసారీ భుజం పట్టావు. మోయడం నీకు కొత్త కాదు. కానీ ఒక్క నిండు పాత్ర దొరికితే నువ్వేం చెయ్యగలవో 2001లో మన తెలుగువాడు ఈశ్వర్ నివాస్ చూపించాడు. ‘లవ్ కే లియే కుఛ్ భీ కరేగా’లో అస్లమ్ భాయ్. పేరు వింటే ఊరు వణికే డాన్, వాడికి సినిమాలో హీరో కావాలని తపన. ఆ తపన దగ్గర నువ్వు నవ్వించడం మానేసి నిజంగా ఆశపడ్డావు. జనం ఇంకా ఎక్కువ నవ్వారు. అలాంటి పాత్రలు పది రాసి ఉంటే మన సినిమా సొమ్మేం పోయేది?

నౌకర్లను, డ్రైవర్లను, వంటవాళ్లను, దుకాణదారులను ఆడావు. హీరో వెనక నిలబడే మనుషులందరికీ ఒక నడక, ఒక గొంతు ఇచ్చావు. నీ అమ్మాయి జేమీ ఇప్పుడు మైకు పట్టుకుని అదే విద్యతో నిలబడుతోంది. నువ్వు క్రైస్తవ సభల్లో సాక్ష్యం చెబుతున్నావు. అక్కడా జనం మధ్యమధ్యలో నవ్వుతారు. ప్రార్థనకూ నవ్వుకూ మధ్య గోడ కట్టని ఆ గొంతుకు దండం.

మా ఊరి పేరుతో 2018లో పెద్ద సినిమా వచ్చింది. సైనైడ్ దిబ్బల దగ్గరే తీశారు. చూశాను. దుమ్ము ఉంది, చీకటి ఉంది, సమ్మెట ఉంది. మా లైన్లలో ఇంకొకటి కూడా ఉండేది. నూటఇరవై ఏళ్లలో దాదాపు 800 టన్నుల బంగారం పైకి పంపిన మనుషులు, మూడు కిలోమీటర్ల లోతు నుంచి వేడికి ఉడికి పైకి వచ్చిన మనుషులు, కేజ్ తలుపు తియ్యగానే మొట్టమొదట చేసే పని ఒకరినొకరు వెక్కిరించుకోవడం. ఆ రోజు రాయి పేలకుండా ప్రాణంతో బయటపడ్డామన్న మాటను వాళ్లు అలా చెప్పుకునేవారు. సూపర్‌వైజర్ నడకను మా వీధి చివరి మామ అచ్చు దించేసేవాడు. ఆయనకు స్టేజీ దొరకలేదు. 2001లో గనులు మూతపడ్డాక ఆయనా, ఆయన కొడుకూ తెల్లారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు పనికి పోయారు, మా ఊరి వేలమందితో పాటు. నిన్ను తెర మీద చూసినప్పుడల్లా ఆ మామకు దొరకని స్టేజీ నీకు దొరికిందని నాకు గర్వంగా ఉంటుంది.

రాబర్ట్‌సన్‌పేట సంతలో ఒకసారి మా అన్న ‘హసీ కే హంగామే’ క్యాసెట్ కొనుక్కొచ్చాడు. నీ గొంతు మా ఇంట్లోకి అలా వచ్చింది. అప్పటికే నాయన ఊపిరితిత్తుల్లో రాతిపొడి నిండి ఉంది. ఆయనకు వచ్చిన హిందీ, షిఫ్టులో సాయిబుల దగ్గర నేర్చుకున్న పాతిక ముప్పై మాటలే. అయినా టేపు తిరుగుతుంటే గోడకు ఆనుకుని కూర్చుని, ఒక చోట ఉన్నట్టుండి నవ్వేవాడు. నవ్వు సగంలోనే దగ్గుగా మారేది. దగ్గు ఆగేది కాదు. అమ్మ పరుగున వచ్చి టేపు ఆపేసి, వేణ్ణీళ్లు ఇచ్చి, వీపు నిమిరేది. “చాల్లే, ఇంక పడుకో” అనేది.

నాయన రెండు గుక్కలు తాగేవాడు. ఊపిరి అందేదాకా కళ్లు మూసుకునేవాడు. తరవాత కళ్లు తెరిచి, మాట రాక, వేలు ఎత్తి టేపురికార్డరు వైపు చూపించేవాడు. మళ్లీ పెట్టమని.