మార్కులు ఎవరికి వేయవలెను?

ఈ వారము మా మేనల్లుడు నాకు కోపమును వినోదమును ఒక్కసారే కలిగించినాడు. హైదరాబాదులో ఉద్యోగము చేయుచు, దీపావళి బోనసు దాచుకొని, ప్లేస్టేషన్ 5 కొనుటకు సర్వసన్నద్ధుడైయున్నవాడు తీరా అంగడి గుమ్మము దాక పోయి వట్టిచేతులతో మరలివచ్చినాడు. కారణమడుగగా, "ఇప్పుడు కొంటే వెర్రివాణ్ణవుతాను మామయ్యా! ఇంకో రెండేళ్లు ఆగితే సిక్స్ వస్తుందట. ర్యామ్ దీనికి రెట్టింపట. చిప్పు సంగతంతా లీకయిపోయింది" అన్నాడు. పోనీ, ఉన్న కంప్యూటరుమీదనే ఆడుకొనదగిన మంచి ఆట ఒకటి కలదని చెప్పి, ఫాలౌట్: న్యూ వేగస్ పేరు సూచించితిని. వాడు ఫోను తీసి క్షణము చూచి, "దానికి ఎనభై నాలుగే వచ్చింది. తొంభై దాటనివి నేను ముట్టుకోను" అని పెదవి విరిచినాడు. రాని యంత్రముమీద అంత విశ్వాసము, వచ్చిన ఆటమీద అంత అవిశ్వాసము ఒకే మనిషియందు ఒకే సాయంకాలమున కాపురము చేయుట చూచిన పిమ్మట, ఈ వారమునకు వేఱొక విషయము వెదకుకొన నక్కఱ లేకపోయినది.

ఈ శీర్షికను విడువక చదువువారికి నా చిరకాలవైరులు ఇద్దఱును తెలిసినవారే: ఒకడు దశాంశబిందువు, రెండవవాడు సగటు. వీరిని నేను నిందించినప్పుడెల్ల కార్డుముక్క వ్రాసి నన్ను మందలించు మన లెక్కల మేష్టారు నేడును కలము విప్పవచ్చును. వారి వంతు వచ్చును గాని, ముందుగా పుకార్ల సంగతి.

రానున్న యంత్రమును గూర్చి ఊహాగానములు చేయుట ఈ ఆటల లోకమున నిన్న మొన్నటి వ్యసనము కాదు. 2000 సంవత్సరమున ప్లేస్టేషన్ 2 వెలువడినప్పుడు, దాని శక్తి క్షిపణులకు దారిచూపుటకును పనికివచ్చునని యెంచి జపాను ప్రభుత్వము ఎగుమతి నియంత్రణలు విధింపగా, ఆ సంవత్సరాంతమునకు సద్దాం హుస్సేను ఆ యంత్రములను వేలకొలది తెప్పించి ఆయుధములకు వాడుచున్నాడను వదంతి అమెరికాలో పుట్టినది. ఋజువు మాత్రము పుట్టలేదు. 2019 ఆగస్టులో, బ్రెజిలు పేటెంటు కార్యాలయమున సోనీ దాఖలు చేసిన రేఖాచిత్రమొకటి బయటపడగా, నడుమ 'వి' అక్షరమువలె లోతుగా చీలిన ఆ పెట్టెయే ప్లేస్టేషన్ 5 అని చాలమంది నిశ్చయించుకొనిరి. అది ఆటలు తయారుచేయు సంస్థలకిచ్చు డెవ్‌కిట్ అని తేలినది, అసలు యంత్రము 2020 జూనులో తెల్లని రెక్కలతో నిటారుగా నిలిచి దర్శనమిచ్చినది. ఆ సంవత్సరమే మార్చిలో, దానిని రూపకల్పన చేసిన మార్క్ సెర్నీ తన ఉపన్యాసమున దాని గణనవేగము 10.28 టెరాఫ్లాపులని చెప్పగా, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ పక్షమువారు 12 అని చాటగా, ఆ వ్యత్యాసముకై అభిమానులు ఒక కురుక్షేత్రమే నడిపిరి; కడకు రెండింటిపైనను వెలువడిన పలు ఆటలు కంటికి భేదము తెలియనంత సమముగా నడచినవి, అమ్మకములలో మాత్రము తక్కువ సంఖ్య చెప్పిన యంత్రమే ముందునకు పోయినది. మన దేశమున ఈ విద్యకు ప్రత్యేకశాఖ యొకటి కలదు. అన్యదేశములవారు చిప్పును గూర్చి తర్కింతురు, మనము ధరను గూర్చి, రాకను గూర్చి తర్కింతుము. 2020 నవంబరు 12న అమెరికా, జపానులలో విడుదలైన ప్లేస్టేషన్ 5 మనకు 2021 ఫిబ్రవరి 2న గాని దక్కలేదు. 49,990 రూపాయలు చేతబట్టుకొని కూర్చున్నవారికి ఆ నడుమ కాలమంతయు తేదీని ఊహించుటతోనే గడచినది.

సంఖ్య పెరిగినకొలది ఆట పెరుగునను భ్రమకు మందు 1989 నాటి నింటెండో గేమ్‌బాయ్. రంగులు లేని, వెనుక వెలుగు లేని, ఆకుపచ్చ మసకతెర గల ఆ చిన్నపెట్టెను చూచి, మఱుసటి సంవత్సరము జపానులో రంగురంగుల గేమ్‌గేర్‌ను దింపిన సేగా పక్షమువారు నవ్విరి. వివరముల పట్టికలో గెలుపు గేమ్‌గేరుదే. కాని అది ఆఱు బ్యాటరీలను మ్రింగి నాలుగైదు గంటలకే కన్నుమూసెడిది. గేమ్‌బాయ్ నాలుగింటితో అంతకు రెండు మూడింతలు బ్రదికెడిది. రంగుల గేమ్‌బాయితో కలిపి నింటెండో 11 కోట్లకు పైగా అమ్మినది, గేమ్‌గేర్ కోటి చిల్లర దగ్గఱ ఆగినది. గేమ్‌బాయ్ నిర్మాత గుంపే యోకోయ్ నమ్మిన సూత్రమొక్కటే: అందఱును వాడి వాడి, లోపములు తెలిసి, చవుకయైన సాంకేతికతను ఎవరికిని తోచని తావున వాడవలెను. ఇట్టి మనిషి ముందు టెరాఫ్లాపులు లెక్కించువాడు ఏమి మాటలాడగలడు?

ఈ మాట వ్రాయుచుండగా నాకు కోఠిలోని గుజరాతీ గల్లీ జ్ఞప్తికి వచ్చినది. 1990ల నడుమ మాకు ఊహాగానములును లేవు, సమీక్షలును లేవు. లిటిల్ మాస్టర్ అనియు, మీడియా అనియు పేర్లు తగిలించుకొని వచ్చిన టీవీగేములు జపాను ఫామికామునకు నకళ్లని మాలో ఎవరికిని తెలియదు. టీవీ వెనుక ఏంటెన్నా తీగ పీకి దీని తీగ గుచ్చి, చానలు బిరడాను మెల్లమెల్లగా త్రిప్పుచు, చుక్కల వాననుండి బొమ్మ తేలువఱకు ఇంటిల్లిపాదియు ఊపిరి బిగబట్టెడివారము. బొమ్మ తేలకున్న క్యాసెట్టు ఊడబెరికి, దాని నోటిలోని రాగిపండ్లపై ఉఫ్‌మని ఊది మరల గుచ్చెడివారము. ఆట నడుమ ఆపి దాచుకొను వసతి లేదు. వేసవి కరెంటుకోత వచ్చెనా, కాంట్రా ఆటలో ఎంత దూరము పోయినవాడైనను మరల మొదటి అడవిలో దిగవలసినదే.

ఆ క్యాసెట్ల పైకాగితములపై అంకెలుండెడివి. '9999 ఇన్ 1' అను క్యాసెట్టును నా కన్నులతో చూచితిని. గుచ్చి మీట నొక్కగా, సముద్రతీరము, ఎగురు పక్షులు, వాని క్రింద ఆటల జాబితా. మొదటిది మారియో. రెండవది ట్యాంకు. పిమ్మట రోడ్ ఫైటర్, సర్కస్ చార్లీ, తుపాకితో బాతులను కొట్టెడి ఆట. ఇంకను క్రిందికి పోగా మఱల మారియోయే, కాని ఈసారి వేఱొక పేరుతో, మూడవ లోకమునుండి ఆరంభము. ఇంకను క్రిందికి పోగా అదే మారియో, ప్రాణములు హెచ్చు. బాలురమయ్యు మేము మొదటి సాయంకాలముననే గ్రహించినది ఏమనగా, ఆ పదివేలకు ఒక్కటి తక్కువైన సంఖ్యలో నిజమైన ఆటలను వ్రేళ్లమీద లెక్కింపవచ్చునని. ఆ పిమ్మట పైకాగితముమీది అంకెను చూచినవాడు మాలో లేడు.

మఱి ఏది మంచి క్యాసెట్టో తెలియుట యెట్లు? మా వీధి మొగలో క్యాసెట్లు రోజుకింతయని అద్దెకిచ్చెడి కొట్టొకటి యుండెడిది. ఒకనాడు నేను, "అన్నా, ఈ రెంటిలో ఏది మంచిది?" అని అడిగితిని. అతడు ఆటలు ఆడడు; ఆడు తీరికయు లేదు. "మంచిదో కాదో నాకేమెరుక తమ్మీ?" అని, బల్లక్రిందినుండి అట్ట నలిగిన పొడుగాటి ఖాతా పుస్తకము తీసి, పుట త్రిప్పి చూపినాడు. ఒక ప్రక్క తీసికొనిపోయిన తేదీ, ఒక ప్రక్క తిరిగి తెచ్చిన తేదీ, చివర ఎఱ్ఱసిరాతో జరిమానా. "గిదైతే తీస్కపోయినోడు మల్ల టైముకు తెస్తలేడు. గిదేమో పొద్దుగాల తీస్కపోయి మాపటికే తెచ్చి పడేస్తున్నరు. గంతే నాకు తెల్సింది" అన్నాడు. నేను ఎఱ్ఱసిరా ఎక్కువగానున్నదే తీసికొనిపోయితిని. అతడు భవిష్యత్తు చెప్పలేదు, అభిప్రాయమును చెప్పలేదు, జరిగినది చూపినాడు. ఆ పుస్తకమంత నికరమైన సమీక్షాగ్రంథమును నేను మఱల చూడలేదు.

ఇక నేటి అంకెల సంగతి. 1986లో పుట్టిన జపాను పత్రిక ఫామిత్సు ఒక పద్ధతి నెలకొల్పినది: నలుగురు సమీక్షకులు విడివిడిగా పదికి ఇన్ని మార్కులు వేయుదురు, మొత్తము నలుబదికి. నలుబదికి నలుబది తొలిసారి పడినది 1998లో, ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్‌నకు, అంతవఱకు పండ్రెండేండ్లు ఆ చేతులు అంత బిగువుగా నుండినవి. 2001లో మెటాక్రిటిక్ వచ్చి, పత్రికలన్నిటి మార్కులను తెచ్చి, ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క తూకము కట్టి, ఆ తూకములను గుప్తముగా ఉంచి, నూటికి ఇంతయని ఒకే అంకెను చేసి పెట్టినది. 65 వచ్చిన సినిమా అక్కడ పచ్చరంగున వెలుగును. అదే 65 వచ్చిన ఆట పసుపురంగున వాడిపోవును, ఏలయన ఆటకు పచ్చ 75 నుండి గాని ఆరంభము కాదు. 2006లో జెల్డా వరుసలోని ట్విలైట్ ప్రిన్సెస్‌నకు గేమ్‌స్పాట్ పదికి 8.8 వేయగా, అభిమానులు ఆ లోటుపడిన పిసరుకై పెట్టిన రోదన ఇప్పటికిని ఆ వర్గమున సామెత. మన సినిమా సమీక్షలలో 2.75 అను అంకెపై మనవారు వేయు హాస్యములు ఎఱిగినవారికి ఇది వింత కాదు.

హాస్యముతో పోయిన బాగుండెడిది. 2010లో వచ్చిన న్యూ వేగస్‌ను ఒబ్సిడియన్ సంస్థ నిర్మించినది. మెటాక్రిటిక్‌లో 85 వచ్చినచో బోనసు ముట్టునని ఒప్పందము, వచ్చినది 84. ఈ సంగతిని ఆ సంస్థ ప్రముఖులలో ఒకడైన క్రిస్ అవెలోన్ 2012లో బహిరంగముగా చెప్పెను. ఏ పుటలోనో ఏ సమీక్షకుడో, ఆ దినమున ఏ చిరాకుననో వేసిన ఒక్క మార్కు, రహస్యపు తూకములో పడి, ముక్కుమొగము తెలియని పనివాండ్ర జీతపు కవరును తేలిక చేసినది. ఆ ఆటను నేటికిని ప్రేమతో ఆడువారు అసంఖ్యాకులు. ఆ 84 మాత్రము చలింపదు. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 విడుదలకు ముందు సమీక్షకులకు కంప్యూటరు ప్రతి మాత్రమే అందినది. అంకెలు తొంబది చుట్టుప్రక్కల మెఱసినవి. పాత కన్సోళ్లమీద ఆట కుప్పగూలగా, వారము తిరుగునప్పటికి సోనీ దానిని తన అంగడినుండి తొలగించి డబ్బు వాపసునకు సిద్ధపడినది. తరువాతి సంవత్సరములలో నిర్మాతలు దానిని బాగుచేసిరి. అంకె నాడును అబద్ధమే, నేడును అబద్ధమే, అయినను దిద్దువాడు లేడు.

ఇంతవఱకు ఓపికతో వచ్చినవారు, నేనిక పుకార్లను మార్కులను ఒకే మూటగట్టి హుస్సేనుసాగరున నిమజ్జనము చేయుమందునని ఎదురుచూచుచుందురు. ఆ పని నేను చేయను; దానికి కారకులు లెక్కల మేష్టారు. గతమాసమున వ్రాసిన కార్డులో వారొక వాక్యము పెట్టిరి: "జవాబు ఉన్న లెక్కకు మార్కు వేయుట న్యాయము, వ్యాసమునకు వేయుట మర్యాద." నా శత్రుపక్షమునుండి వచ్చినను, ఈ వివాదమునంతటిని తేల్చివేయు వాక్యమిదియే.

ఏలయన పుకారునకు జవాబు కలదు. యంత్రము అంగడికి వచ్చిననాడు జవాబుపత్రము వచ్చినట్లే. నింటెండో స్విచ్ 2 చేతిమీటలైన జాయ్‌కాన్‌లు అయస్కాంతముతో అతుకుకొనునని ముందే చెప్పినవారికి 2025లో నూటికి నూఱు. బ్రెజిలు బొమ్మను చూచినవారికి సగము, బొమ్మ నిజమేగాని అర్థము తప్పు. రెండేండ్లపాటు స్విచ్ ప్రో, స్విచ్ ప్రో అని ఊరించినవారికిని సగమే: 2021 అక్టోబరులో వారు చెప్పిన ఓలెడ్ తెర వచ్చినది, వారు చెప్పిన 4కె రాలేదు. సద్దాం వదంతికి సున్న. ఊహించువాడు, తెలిసియో తెలియకయో, తాను తప్పని ఋజువగుటకు తలయొగ్గి నిలుచున్నాడు; పేటెంటు చదువుచున్నాడు, చిప్పు పేరు వెదకుచున్నాడు, ఎంతోకొంత ఇంజనీరింగు నేర్చుచున్నాడు. 84 అను అంకెకు ఆ సాహసము లేదు. దానిని తప్పని ఋజువుచేయు దినము ఏ పంచాంగమునందును లేదు. మార్కులు వేయవలసిన పుకార్లను మార్కులు లేక విడిచిపెట్టి, మార్కులకు లొంగని ఆటలకు దశాంశములతో వేయుచున్నాము.

అట్లని సమీక్షకుని చేతినుండి అంకెను బొత్తిగా లాగివేయుమని నేననను. 2015లో యూరోగేమర్ అను ఆటల వెబ్‌సైటు మార్కులు మానినది, 2023లో ఐదు నక్షత్రములతో మరల పట్టినది. అంకె లేని సమీక్షలో, అటును ఇటును కాని మాటలతో జాఱిపోవుట సులభము. అంకె రచయితను ఒక తావున నిలువబెట్టును. కావున అది యుండనిండు, పూర్ణసంఖ్యయై, వేసినవాని పేరుతో, ఫామిత్సు నలుగురివలె విడివిడిగా. సగటు మాత్రము పోవలెను. దానిని వేసినవాడు లేడు, ఆడినవాడు లేడు, దానికి బాధ్యుడును లేడు.

పాఠకులకొక విన్నపము. సమీక్ష కంటబడినచో అంకెకంటె ముందు పేరు చూడుడు; మీరాడిన ఆటను గూర్చి ఆ మనిషి పూర్వమేమి వ్రాసెనో చదివి, పిమ్మట నమ్ముడు. పుకారు చెవినిబడినచో ఎవరు చెప్పిరో, ఏమి చెప్పిరో, ఏనాడు చెప్పిరో ఒక పుస్తకమున వ్రాసిపెట్టుకొనుడు. యంత్రము వచ్చిననాడు ఆ పుస్తకము విప్పి, దయాదాక్షిణ్యములు లేక మార్కులు వేయుడు. సున్నలకు కఱవు రానీయకుడు.