ఆకులు కుట్టే చీమలు

మామిడి కొమ్మ చివర పది ఇరవై ఆకులు ఉండలా ముడుచుకుని, సందుల్లో తెల్లటి పొరతో అతుక్కుని ఉంటే అది ఎర్ర చీమల గూడు. కాయలు దింపేవాళ్లు దాన్ని దూరం నుంచే చూసి వేరే కొమ్మకు పోతారు. ఆ చీమలు కరిచి, కరిచిన చోట ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. ఈకోఫిల్లా స్మరాగ్డినా అనే ఈ జాతి మన దేశం నుంచి ఉత్తర ఆస్ట్రేలియా దాకా ఉంది. గూడు విప్పితే దాని పనితనం తెలియదు. కడుతున్నప్పుడు చూడాలి.

ఏ ఆకును మడవాలో చెప్పే మేస్త్రీ అక్కడ ఉండదు. కూలి చీమలు ఆకుల అంచుల మీద తిరుగుతూ తలా ఒక చోట కరిచి లాగి చూస్తాయి. చాలా చోట్ల ఆకు లొంగదు. ఎక్కడో ఒక కొస కాస్త లేస్తుంది. అంతే, దగ్గర్లో ఉన్నవి తమ ప్రయత్నం వదిలి అక్కడికి చేరతాయి. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ వదిలి రావడమే. తాను మొదలుపెట్టిన చోటే పని జరగాలన్న పంతం ఏ చీమకూ లేదు.

రెండు ఆకుల మధ్య ఖాళీ ఒక చీమ అందుకోలేనంత ఉంటే గొలుసు కడతాయి. ఒకటి ఆకు అంచును కరిచి పట్టుకుంటుంది, దాని నడుమును రెండోది, రెండోదాని నడుమును మూడోది. ఇలాంటి గొలుసులు పక్కపక్కనే ఎన్నో ఏర్పడి ఆకును కొద్దికొద్దిగా దగ్గరకు తెస్తాయి.

ఈ లాగుడులో ఎవరు ఎంత మోస్తున్నారు? మనుషుల సంగతి ఫ్రాన్సు వ్యవసాయ ఇంజనీరు మాక్సిమిలియన్ రింగెల్మాన్ 1913లోనే చెప్పాడు: తాడు లాగే జట్టు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుంది. ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కూడిన బృందం ఈ చీమల చేత కాగితపు ఆకును లాగించి బలం కొలిచి 2025లో ఫలితాలు ప్రచురించింది. అక్కడ లెక్క తిరగబడింది. జట్టు పెరిగేకొద్దీ ఒక్కో చీమ వాటాకు వచ్చే బలం దాదాపు రెట్టింపైంది. పరిశోధకుల వివరణ ప్రకారం, ముందున్న చీమలు లాగుతాయి. వెనకవి ఒళ్లు సాచి, కాళ్లు ఆనించి, వచ్చిన బలం వెనక్కి జారకుండా ఆపుతాయి.

చూసేవాళ్లకు ఆ వెనక చీమలు ఊరికే నిలబడ్డట్టే ఉంటుంది. మనలోనూ అలాంటివాళ్లను లెక్కలోకి తీసుకోం. పొదుపు సంఘంలో ఒకామె వాయిదా కట్టలేకపోతే మిగతావాళ్లు తలా కాస్త సర్దుతారు. ఆ డబ్బు కొత్తగా ఏమీ సంపాదించి పెట్టదు. అప్పటిదాకా కూడిన నమ్మకాన్ని మాత్రం జారిపోనివ్వదు. పరస్పర సాయమంటే చాలావరకు ఇదేనని నా నమ్మకం.

ఆకుల అంచులు కలిశాక కుట్టుపని. పెద్ద చీమలకు పట్టు రాదు, వాటి లార్వాలకు వస్తుంది. కొన్ని చీమలు అంచుల్ని బిగించి పట్టుకుంటే, మరికొన్ని పాత గూటి నుంచి ఎదిగిన లార్వాలను నోట కరుచుకుని వస్తాయి. మీసాలతో తడుతూ వాటి నోటిని ఈ ఆకుకూ ఆ ఆకుకూ మార్చి మార్చి తాకిస్తాయి. పోగు మీద పోగు పడి తెల్లని పొర అవుతుంది. చాలా చీమ జాతుల్లో లార్వా ఆ పట్టుతో తన చుట్టూ గూడు అల్లుకుంటుంది. ఈ జాతిలో పట్టంతా ఇంటికే పోతుంది, లార్వా ఏ తొడుగూ లేకుండానే ప్యూపాగా మారుతుంది.

ఒకే రాణి సంతానం ఇలా పలు చెట్ల మీద పలు గూళ్లు కడుతుంది. పొలిమేర గూళ్లలో ఉండి ముందుగా పోరుకు దిగేవి ఎక్కువగా ముసలి చీమలే.

క్రీ.శ. 304 నాటిదని చెప్పే ఒక చైనా గ్రంథంలో, నారింజ తోటల్లో పురుగుల్ని పట్టడానికి ఈ చీమల గూళ్లను సంతలో అమ్మేవారని ఉంది. చీమలు దాటేందుకు రైతులు చెట్టుకూ చెట్టుకూ మధ్య వెదురు బద్దలు వేసే పద్ధతీ చైనాలో ఉండేది. అయితే వీటి ఐకమత్యం తమ కుటుంబం దాటదు, పొరుగు కుటుంబం చీమ కనిపిస్తే చంపేస్తాయి. అందుకే వీటిని తోటలో పెంచేవాళ్లు ఒకే కుటుంబం ఉన్న చెట్లనే కలుపుతారు, వేరు కుటుంబాల మధ్య కొమ్మలు తాకుతుంటే నరికేస్తారు.